ఏ ఊరి పిట్టలు?

ఏటా దసరా సెలవుల చుట్టుపక్కల మన పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త వస్తుంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే ఊళ్ళో చెట్ల నిండా తెల్లటి పెద్ద పక్షులు, కింద ఒక ఫొటో, పైన ఒక శీర్షిక. శీర్షిక దాదాపు ఎప్పుడూ ఒకటే: సైబీరియా నుంచి విదేశీ అతిథులు వచ్చేశాయి. వేల మైళ్ళు ఎగిరి, మంచుదేశం నుంచి, మన చింతచెట్ల మీదికి. చిన్నప్పుడు నేను ఆ వార్తని కత్తిరించి సోషల్ పుస్తకంలో పెట్టుకున్నాను. రష్యా పటం ఉన్న పేజీలోనే పెట్టాను, శ్రద్ధగా.

ఆ పక్షులు రెండు రకాలు. ఒకటి గూడబాతు, కింది ముక్కుకి సంచీ వేలాడే బూడిదరంగు పెలికాన్. రెండోది ఎర్రకాళ్ళ కొంగ, తోక దగ్గర గులాబీ రంగు పూసినట్టుండే పెయింటెడ్ స్టార్క్. ఈ రెంటిలో ఏదీ సైబీరియాలో పుట్టదు. సైబీరియా వెళ్ళదు కూడా. గూడబాతులు గుడ్లు పెట్టేది ఇండియాలో, శ్రీలంకలో, కంబోడియాలో. ఎర్రకాళ్ళ కొంగలు కూడా దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. తేలినీలాపురం వచ్చేది చలికి తలదాచుకోవడానికి కాదు, గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచడానికి. అంటే అవి పుట్టేదే ఆ చెట్ల మీద. చట్టం భాషలో చెప్పాలంటే స్థానికత ఉన్న పక్షులు.

మరి సైబీరియా ఎక్కడి నుంచి వచ్చింది? నా అనుమానం భరత్‌పూర్ మీద. రాజస్థాన్‌లోని ఆ చిత్తడి నేలకి నిజంగానే సైబీరియా కొంగలు చలికాలం వచ్చేవి. ఏటేటా తగ్గుతూ 2001-02 చలికాలం తర్వాత కనబడకుండా పోయాయి. ఆ కొంగల గురించి దేశమంతా అంతగా చదివింది కాబట్టి, దూరం నుంచి వచ్చే పెద్ద తెల్ల పక్షి అనగానే సైబీరియా అనే మాట అతుక్కుపోయి ఉంటుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వర్షాకాలం మొదట్లోనే దిగే నత్తగొట్టు కొంగల్ని కూడా సైబీరియా పక్షులనే అంటారు. ఎండాకాలంలో వదిలేసి వానాకాలంలో మన దగ్గరికి వచ్చే సైబీరియా పక్షి ఏమిటని ఎవరూ అడగరు.

ఊరివాళ్ళని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. పక్షులు వస్తే పంటలు బాగుంటాయని, వాటిని కొట్టకూడదని నమ్మి కాపాడుతున్నది వాళ్ళే. పేరు తప్పయినా కాపలా తప్పలేదు. కానీ ఆ పేరు వల్ల ఒక నష్టం జరిగింది, అది ఇంకొన్ని పిట్టలకి జరిగింది.

తేలినీలాపురం నుంచి బండి మీద అరగంటలోపు నౌపడ. ఉప్పు మడులు, పర్రలు, సముద్రపు పోటు లోపలికొచ్చి వెళ్ళే బురద. కొన్నేళ్ళ క్రితం అక్టోబరులో మేం నలుగురం ఒక టెలిస్కోపు వంతులవారీగా చూసుకుంటూ ఉప్పు మడి గట్టు మీద నిలబడి ఉన్నాం. ఉప్పు పోగులు వేస్తున్న పెద్దాయన ఒకాయన పార పక్కన పెట్టి వచ్చాడు.

"ఏటి బాబూ, అంత దూరం సూత్తన్నారు? ఓడేటైనా వొత్తందా?"

"లేదండీ, పిట్టల్ని చూస్తున్నాం."

"పిట్టలకైతే నీలాపురం ఎల్లాల. సైబీరియా పిట్టలు ఆడున్నాయి. ఇక్కడేటున్నాయి, ఉల్లంకులు!"

ఆ ఉల్లంకులే సైబీరియావి. బురదలో ముక్కు గుచ్చుకుంటూ పరిగెడుతున్న ఆ మట్టిరంగు గుంపులో కర్ల్యూ శాండ్‌పైపర్లు ఉన్నాయి. భూమ్మీద అవి గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరపు అంచున, ఆర్కిటిక్ టండ్రాలో మాత్రమే. పక్కన లిటిల్ స్టింట్లు, పాతిక ముప్పై గ్రాముల పిట్టలు, వాటి పుట్టిల్లూ ఆ ఉత్తరపు అంచే. కొంచెం ఎడంగా నిలబడ్డ పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్లు సైబీరియా నుంచి అలాస్కా దాకా ఉన్న టండ్రావి. మొత్తం గుంపు ఒకేసారి లేచి తిరిగితే ఒక్క క్షణం వెండి రేకు మెరిసినట్టుంటుంది, మళ్ళీ దిగగానే బురదలో బురద. ఫొటో తీస్తే ఏ పత్రికా వేసుకోదు.

పెద్దాయనకి టెలిస్కోపులో చూపించాం. చాలాసేపు చూశాడు. "అయితే ఇయ్యి సైబీరియాయా? మరి ఆడున్నయ్యో?"

"అవి మనవేనండీ."

"అయితే పేపరోడికి సెప్పండి" అని నవ్వి పార అందుకున్నాడు.

అసలు ఆ సంగతి మనకెలా తెలిసింది? ఒక పిట్ట ఎక్కడి నుంచి వచ్చిందో దాన్ని చూస్తే తెలియదు. ఒకడు ఇక్కడ చూడాలి, ఇంకొకడు అక్కడ చూడాలి, ఆ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవాలి. వలస పక్షుల శాస్త్రమంతా మొదట్నుంచీ ఈ చెప్పుకోవడం మీదే నిలబడింది. ఎవరు చెప్పారు, ఎవరి మాట రాసుకున్నారు, ఎవరిది రాసుకోలేదు అన్నది దాని చరిత్ర.

మన తీరంలో రాసుకున్న తొలి పెద్ద పేరు జెర్డన్. టి.సి. జెర్డన్ మద్రాసు ప్రెసిడెన్సీలో సైనిక వైద్యుడు, 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్. అక్కడి యానాదుల దగ్గర పాముల గురించి, పిట్టల గురించి తెలుసుకున్నాడు. 1862-64 మధ్య వచ్చిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' తెరిస్తే లాటిన్ పేరు పక్కన హిందూస్తానీ పేరు, తమిళం పేరు, చాలాచోట్ల తెలుగు పేరు కనిపిస్తాయి. స్నైప్ అనే వలస పిట్టకి ఆయన రాసుకున్న తెలుగు మాట ముక్కు పూరేడి. పూరేడు పిట్టలా ఉంటుంది, ముక్కు మాత్రం ఇంత పొడుగు. చెప్పినవాడెవడో గాని ఒక్క మాటలో తేల్చేశాడు. శాండ్‌పైపర్లకి ఉలంక అనే మాట కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అదే మన ఉల్లంకి, నౌపడ పెద్దాయన నోట్లోది. పేర్లు మిగిలాయి, వాటిని ఇచ్చిన మనుషుల పేర్లు మిగల్లేదు. జెర్డన్‌ని నేను తిట్టడం లేదు, ఆ మాటలు రాసుకోవాలని తోచిన అధికారులు చాలా తక్కువమంది. కానీ ఆ పుస్తకం చదువుతుంటే నాకు పేజీ వెనక ఎవరో ఉచ్చు భుజాన వేసుకుని నిలబడినట్టే ఉంటుంది.

ఆ రోజుల్లో వలస కబుర్లు తేదీలతో సహా పంచుకున్నది ఎక్కువగా వేటగాళ్ళే. వానలు తగ్గాక ఈ ఏడు మొదటి స్నైప్ ఎప్పుడు కనబడింది అన్నది దొరల క్లబ్బుల్లో పెద్ద కబురు. కనబడటమంటే కొట్టడమే, ఆ రెంటికీ మధ్య తేడా ఇంకా రాలేదు. ఈ కబుర్లని ఒకచోటికి చేర్చినవాడు ఎ.ఓ. హ్యూమ్. కాంగ్రెస్ పుట్టుక దగ్గర చదువుకుంటామే, ఆ హ్యూమే. 1872లో ఆయన మొదలుపెట్టిన 'స్ట్రే ఫెదర్స్' పత్రికకి దేశం నలుమూలల నుంచీ అధికారులు, సర్వేయర్లు, డాక్టర్లు ఉత్తరాలు రాశారు. హ్యూమ్ వాటిని అచ్చు వేశాడు, కొన్నిటితో పోట్లాడాడు. తర్వాత సిమ్లాలో ఆయన ఇంట్లోని రాతప్రతుల్ని నౌకరు చిత్తుకాగితాల కింద బజార్లో అమ్మేశాడు. ఏళ్ళ తరబడి పోగుచేసిన రాత పొట్లాలు కట్టుకోవడానికి పోయింది. హ్యూమ్ పక్షుల పని వదిలేశాడు. 1885లో తన దగ్గరున్న ఎనభై వేల పైచిలుకు నమూనాల్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఆ ఏడాది డిసెంబరులోనే కాంగ్రెస్ మొదటి సభ. ఆ నౌకరు పాత కాగితాలు అమ్మకపోతే మన రాజకీయ చరిత్ర ఎలా ఉండేదో అని మా గుంపులో ఒక జోకు ఉంది, మరీ లాగకూడదు.

అదే కాలంలో, హ్యూమ్ సొంత దేశంలో ఇంకో ప్రయోగం జరుగుతోంది. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ అదే, అందుకని కాసేపు అటు వెళ్ళక తప్పదు. బ్రిటన్ చుట్టూ సముద్రం. శరత్కాలపు చీకటి రాత్రుల్లో, మంచు కమ్మినప్పుడు, ఉత్తరం నుంచి దిగే పిట్టలు దీపస్తంభాల వెలుతురు చుట్టూ తిరుగుతాయి, అద్దాలకి కొట్టుకుని చచ్చిపోతాయి. ఆ దీపాల దగ్గర రాత్రంతా మెలకువగా ఉండే మనుషులు ఎలాగూ ఉన్నారు. వాళ్ళకి కాగితాలిచ్చి రాయమంటే? 1879లో స్కాట్లండ్‌కి చెందిన హార్వీ-బ్రౌన్, ఇంగ్లండ్ తూర్పు తీరం మనిషి జాన్ కోర్డో కలిసి దీపస్తంభాల కాపలాదార్లకి అచ్చు ఫారాలు పంపారు. మరుసటి ఏడు బ్రిటిష్ అసోసియేషన్ దీనికొక కమిటీ వేసింది. 1887 దాకా ఏటేటా ఫారాలు వచ్చాయి. తేదీ, వేళ, గాలి ఎటు, పిట్టలు ఏవి, ఎన్ని, దాటిపోయాయా, కొట్టుకున్నాయా.

కాపలాదార్లేమీ పక్షి శాస్త్రవేత్తలు కారు. వాళ్ళు రాసిన పేరు నమ్మొచ్చా అన్న గొడవ వెంటనే వచ్చింది. దానికి ఐర్లండ్‌లో బారింగ్టన్ అనే ఆయన ఒక ఉపాయం చేశాడు. అద్దానికి కొట్టుకుని పడిన పిట్ట ఒక కాలు, ఒక రెక్క కోసి చీటీ కట్టి పంపమన్నాడు. రాళ్ళ దిబ్బల మీది దీపాల నుంచి ఆయనకి కవర్లలో కాళ్ళూ రెక్కలూ వచ్చేవి. కమిటీ పని ఆగిపోయిన తర్వాత కూడా ఆయన పదేళ్ళు కొనసాగించి 1900లో అదంతా పుస్తకం వేశాడు. ఇంట్లోవాళ్ళు ఆ టపా ఎలా భరించారో!

ఈ ఫారాల కట్టలన్నిటినీ కూర్చుని చదివి సారం తీసిన మనిషి విలియం ఈగిల్ క్లార్క్. చదవడంతో ఆయనకి తృప్తి కలగలేదు. 1901 శరత్కాలంలో ఎడిస్టోన్ దీపస్తంభం ఎక్కి నెల రోజులు ఉన్నాడు. సముద్రం మధ్య రాతి గొట్టం లాంటి ఇంట్లో, ఏళ్ళ తరబడి ఫారాలు నింపిన వాళ్ళ లాంటి మనుషుల పక్కనే రాత్రిళ్ళు నిలబడ్డాడు. ఏ రాత్రి పిట్టలు విరగబడి వస్తాయన్నది వాతావరణం మీద ఆధారపడుతుందని స్పష్టంగా చూపించిన తొలివాళ్ళలో ఆయనొకడు. ఆ తీర్మానం ఆయన పేరు మీద ఉంది. దాని కింద కాపలాదార్ల వేల రాత్రులు ఉన్నాయి.

దీపం దగ్గర చూసినా, బురదలో చూసినా ఒక చిక్కు తీరదు. ఈ పిట్టా ఆ పిట్టా ఒకటేనని ఎలా చెప్పాలి? 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే బడిపంతులు గోరింకల జాతి స్టార్లింగుల కాళ్ళకి అల్యూమినియం ఉంగరాలు తొడిగాడు, ఉంగరం మీద అంకె, చిరునామా. ఆ పద్ధతి ఇండియాకి 1920లలో ధార్ సంస్థానం ద్వారా వచ్చింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ ఉంగరాల మీద ఫలానా సొసైటీకి తెలియజేయండి అని ఇంగ్లీషులో చెక్కి ఉండేది. ఆలోచించి చూడండి, ఎవరో తెలియనివాళ్ళకి, ఏ దేశమో తెలియని చోటికి, పిట్ట కాలికి కట్టి పంపిన ఉత్తరం అది. జవాబు రావాలంటే అవతల ఎవరో దాన్ని కొట్టాలి లేదా పట్టాలి, చదవగలగాలి, తపాలా ఖర్చు పెట్టుకోవాలి.

పెద్ద ఎత్తున ఉంగరాలు వేసే పని మొదలవడానికి కారణం ఒక జబ్బు. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు, మనుషులు చనిపోయే జ్వరం బయటపడింది. దాని వైరస్ రష్యాలో కనబడే మెదడువాపు వైరస్‌కి దగ్గరి చుట్టమని తేలింది. మరి వలస పిట్టల ఒంటి మీది గోమార్లు మోసుకొచ్చాయా? ఈ ప్రశ్నతో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1959లో సలీం అలీ ఆధ్వర్యంలో వలసల అధ్యయనం మొదలైంది. తర్వాత అమెరికా సైన్యపు పరిశోధన డబ్బు కూడా వచ్చింది. పిట్టల మీద అమెరికా సైన్యానికి అంత ప్రేమేమిటన్న అనుమానంతో 1970లలో ఆ గొడవ పార్లమెంటు దాకా వెళ్ళింది. సైబీరియా అనే మాట అప్పట్లో పత్రికల్లో అంత అందంగా వినిపించి ఉండదు.

ఉంగరం వేయాలంటే ముందు పిట్టని ప్రాణంతో పట్టాలి. ఆ విద్య డాక్టరేట్లలో లేదు. బీహార్‌కి చెందిన మీర్‌షికారీలు, తరతరాలుగా పిట్టల్ని పట్టి అమ్ముకున్న కులం, సొసైటీ శిబిరాల్లో పట్టేవాళ్ళయ్యారు. వాళ్ళలో అలీ హుసేన్ పేరు మాత్రం బయటికి వచ్చింది, ఆయన విద్య చూసి అమెరికావాళ్ళు కూడా పిలిపించుకున్నారు. తమిళనాడు కొసన కోడియక్కరైలో, ఉప్పు మడుల పక్కనే, ఏళ్ళ తరబడి శరత్కాలంలో పిట్టల్ని పట్టి ఉంగరాలు వేశారు. మన ఉల్లంకుల గురించి, వాటి రాకపోకల తేదీల గురించి ఇవాళ పుస్తకాల్లో రాసి ఉన్నదాంట్లో చాలా భాగం ఆ బురదలోంచి వచ్చిందే.

నేను ఇందాకట్నుంచీ శరత్కాలం అంటున్నాను గాని అది వాళ్ళ మాట. మన శరత్తు ఆశ్వయుజ కార్తీకాలు. ఉల్లంకులు అంతవరకూ ఆగవు. కర్ల్యూ శాండ్‌పైపర్లలో మగవి గుడ్లు పెట్టడం అవగానే, ఇంకా పిల్లలు పొదగకముందే, టండ్రా వదిలేస్తాయి. తర్వాత ఆడవి. పిల్లలు చివర్న, పెద్దవాళ్ళెవరూ తోడు లేకుండా, ఒక్కసారి కూడా చూడని తీరానికి బయల్దేరతాయి. అందుకే మన దగ్గర శ్రావణ మాసంలోనే, వరినాట్లు పూర్తవకముందే, ఒంటి మీద ఇంకా ఇటుక ఎరుపు పోని పిట్టలు దిగుతాయి. దసరాకి పత్రికలు నిద్రలేచేసరికి పిల్లలు కూడా వచ్చేసి ఉంటాయి.

ఇండియాలో మామూలు జనం ఇలాంటి తేదీలు పంచుకోవడానికి ఒక చోటు 1960లో దొరికింది. జాఫర్ ఫతేఅలీ నడిపిన 'న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్'. మొదట్లో సైక్లోస్టైలు కాగితాలు. అందులో ప్రొఫెసర్లూ రాసేవాళ్ళు, రైల్వే క్వార్టర్స్ పెరట్లో చూసినవాళ్ళూ రాసేవాళ్ళు. 1987 నుంచి ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్క మొదలైంది. 2007లో బెంగళూరు నుంచి మైగ్రెంట్‌వాచ్ అని ఒక ప్రయత్నం: తొమ్మిది వలస జాతుల పేర్లిచ్చి, ఈ ఏడు మీ ఊళ్ళో వీటిని మొదటిసారి ఏ రోజు చూశారో చెప్పండి అని అడిగారు. అంతే ప్రశ్న. కోర్డో ఫారం నూట ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ వచ్చినట్టు. నేను చేరింది అప్పుడే, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద వాటర్ ట్యాంకు దగ్గర తోక ఊపుతున్న జిట్టంగి పిట్టతో. తర్వాత ఈబర్డ్ వచ్చింది, ఫోన్లోనే జాబితా, చూసిన పది నిమిషాల్లో ఎక్కించేయొచ్చు.

ఇది సరదా అనుకుంటారు చాలామంది. నేనూ అనుకున్నాను. ఆ అభిప్రాయం మారడానికి రెండు ఊళ్ళ కథ కారణం.

మొదటిది కొల్లేరు పక్కన ఆరేడు. 1949లో కె.కె. నీలకంఠన్ సొసైటీ జర్నల్లో అక్కడి గూడబాతుల కాలనీ గురించి రాశాడు. తర్వాత ఇందుచూడన్ అనే పేరుతో మలయాళంలో కేరళ పక్షుల మీద గొప్ప పుస్తకం రాసిన మనిషే ఆయన. ఊళ్ళోని చెట్ల మీద గూళ్ళు, కింద మామూలుగా తిరుగుతున్న జనం. తేలినీలాపురం ఫొటోని డెబ్బై ఐదేళ్ళు వెనక్కి తిప్పితే అదే. ఆ పక్షులు 1970లకల్లా ఆరేడు వదిలి వెళ్ళిపోయాయి. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన నా స్నేహితులకి ఆరేడులో ఒకప్పుడు గూడబాతులు పిల్లల్ని పెంచేవి అంటే ఆశ్చర్యం. ఒక మలయాళీ చూసి రాయకపోతే అసలు ఆ సంగతే ఉండేది కాదు. పోయిందని కూడా తెలిసేది కాదు.

రెండోది మళ్ళీ శ్రీకాకుళం. అక్కడ సముద్రానికి సమాంతరంగా ఊళ్ళ వెనక పల్లపు నేలలుంటాయి. సోంపేట వైపు బీల అంటారు, టెక్కలి వైపు తంపర అంటారు. వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, చేపలు, తుంగ, గట్ల పక్కన వరి, పశువుల మేత. ప్రభుత్వ కాగితాల్లో వీటికి పేరు లేదు. పేరు లేని నేల కాగితం మీద బంజరు అవుతుంది. 2000ల చివర్లో సోంపేట బీలలోనూ, కాకరాపల్లి తంపరలోనూ థర్మల్ విద్యుత్ కేంద్రాలకి భూములిచ్చారు. రైతులు, మత్స్యకారులు నెలల తరబడి దీక్షలు చేశారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. సోంపేటలో కాల్పులు జరిగిన రోజునే ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. కాకరాపల్లి దగ్గర పనులు ఆపమని కేంద్రం కాల్పుల తర్వాత చెప్పింది.

ఆ పోరాటం పక్షుల కోసం కాదు. అలా రాస్తే చనిపోయినవాళ్ళకి అన్యాయం. అది వరి కోసం, చేప కోసం, ఉప్పు కోసం. కానీ ఇది బంజరు అన్న కాగితానికి ఎదురు పెట్టడానికి ఇంకో కాగితం కావాల్సి వచ్చింది. ఊరివాళ్ళ మాట, మా తాతల నాటి నుంచి ఇక్కడ నీళ్ళున్నాయి అన్న మాట, దేనికీ ఆధారం కింద చెల్లలేదు. ఇక్కడ ఫలానా జాతుల పక్షులు ఉన్నాయి, కాబట్టి ఇది చిత్తడి నేల అన్న మాట చెల్లింది. అప్పటి బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ డైరెక్టర్ అసద్ రహ్మానీ అలాంటి అభ్యంతరమే చెప్పాడు. పోరాడుతున్న జనానికి ఎవరెవరో ఏళ్ళ క్రితం సరదాగా రాసుకున్న జాబితాలు పనికొచ్చాయి. నాకు ఇందులో సంతోషం ఎంతుందో సిగ్గూ అంతే ఉంది. మనిషి చెప్తే నమ్మని చోట పిట్టని సాక్షిగా తేవాల్సి రావడమేమిటి?

ఇక్కడే ఆ సైబీరియా పేరు నాకు చికాకు తెప్పిస్తుంది. గూడబాతు విదేశీ అతిథి అంటే దాని ఇల్లు ఎక్కడో ఉన్నట్టు, మనం రెండు చెట్లు ఇచ్చి ఉపకారం చేస్తున్నట్టు. కానీ గూట్లో పిల్ల నోట్లో పడే చేప ఏ మంచుదేశానిదీ కాదు, చుట్టుపక్కల తంపరల్లో, చెరువుల్లో, మొగల్లో పట్టిందే. చెట్లకి కంచె వేసి, వాచ్ టవర్ కట్టి, తంపర పూడిస్తే ఆ చెట్ల మీద ఏం మిగులుతుంది? ఇక నిజంగా సైబీరియా నుంచి వచ్చినవాటికి టవరూ లేదు, బోర్డూ లేదు. వాటి పేరు ఇంకొకళ్ళకి ఇచ్చేశారు. 2023 ఏప్రిల్‌లో ఈ పక్కనే మూలపేటలో పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఉద్యోగాలు కావాలని కోరుకునేవాళ్ళూ ఆ ఊళ్ళవాళ్ళే, వాళ్ళకి నేను నీతులు చెప్పబోను. ఏ బురదలో ఏ పిట్ట, ఏ నెలలో, ఎన్ని అన్నది మాత్రం ముందే రాసి ఉండాలి. తర్వాత రాయడానికి ఏమీ ఉండదు, ఆరేడులో లాగా.

ఉప్పు మడి పెద్దాయన ఆ రోజు మా ఫోన్ నంబరు తీసుకున్నాడు. మర్చిపోయాను. మళ్ళీ ఏడు ఆగస్టు మొదటి వారంలో, ఆఫీసులో ఉండగా ఫోన్.

"బాబూ, వొచ్చినాయి."

"ఏవండీ?"

"ఏటేవండీ! ఉల్లంకులు. ఎర్రగున్నాయి."

మేం అప్పటిదాకా నౌపడకి సెప్టెంబరు ముందు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ ఆదివారం రైలెక్కి వెళ్ళాను. మడుల్లో వాననీళ్ళు, ఉప్పు పని లేదు, ఆయన గొడుగు పట్టుకుని గట్టు మీద ఎదురుచూస్తున్నాడు. పొట్ట ఇంకా ఇటుక రంగులోనే ఉన్న కర్ల్యూ శాండ్‌పైపర్లు, ఆయన చెప్పిన చోటే. వాటి పక్కన చిన్నచిన్న శాండ్ ప్లోవర్లు కూడా ఉన్నాయి. అవి సైబీరియావి కావు, తిబెత్తు పీఠభూమి నుంచి వచ్చినవి, ఆ ముక్క చెప్తే ఆయనకి విసుగొచ్చింది. "ఒక్కో పిట్టకి ఒక్కో దేశమేటి!"

జాబితాలో సంఖ్య వేయాలి. నేను నూట పది అన్నాను. నూట యాభైకి తక్కువ కాదని ఆయన. నేను పది పది చొప్పున లెక్కపెడుతున్నాను, ఆయన చేపల తట్ట చూసి బరువు చెప్పినట్టు ఒక్క చూపులో చెప్తున్నాడు. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెడదామని టెలిస్కోపు తిప్పేలోగా పైన డేగ నీడ కనబడింది, గుంపంతా లేచిపోయింది.